బస్తీ పెద్ద ఎవరికి జవాబు చెప్పాలి?

నల్లాలో నీళ్ళు రాకపోతే, మోరీ పొంగితే, పింఛను ఆగిపోతే బస్తీలో మనుషులు ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు? మునిసిపల్ ఆఫీసుకి కాదు. అక్కడికి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది, పని అవుతుందన్న నమ్మకమూ ఉండదు. కార్పొరేటర్ ఇంటికీ కాదు, ఆయన దొరకడం కష్టం. రెండు సందుల అవతల ఒక ఇల్లుంటుంది. అర్జీ రాయగలిగిన మనిషి, ఏ కాగితం ఏ టేబుల్ మీదికి వెళ్ళాలో తెలిసిన మనిషి, నలుగుర్ని వెంటబెట్టుకుని ఆఫీసరు ముందు నిలబడగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒకరుంటారు. ముందు అక్కడికి వెళ్తారు.

ఆ మనిషికి మన ఊళ్ళలో రకరకాల పేర్లున్నాయి. బస్తీ పెద్ద, సంఘం ప్రెసిడెంటు, లీడరు, మహిళా మండలి అక్క, ఈమధ్య ఆర్పీ మేడమ్. గిట్టనివాళ్ళు పైరవీకారు అంటారు. ఈ చివరి మాట ఎంత బలమైనదంటే, 1985లో జి. రాంరెడ్డి, జి. హరగోపాల్ ఒక అంతర్జాతీయ పత్రికలో ఇంగ్లీషు వ్యాసం రాస్తూ దాని శీర్షికలో 'పైరవీకార్' అనే మాటనే పెట్టారు. వాళ్ళు రాసింది పల్లెల గురించి. కానీ పట్నం బస్తీకి కూడా ఆ బొమ్మ అతికినట్టు సరిపోతుంది.

పార్టీల చరిత్ర మనకుంది, ముఖ్యమంత్రుల చరిత్ర ఉంది, నగరాల చరిత్ర కూడా కొంత ఉంది. ఈ మధ్యమనిషి చరిత్ర మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు. నిజానికి అది ఆసక్తికరమైన చరిత్ర. గత అరవై డెబ్భై ఏళ్ళలో ప్రభుత్వాలు ఈ మనిషిని వెతికాయి, తయారుచేయబోయాయి, పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ వాడుకున్నాయి. ఆ క్రమంలో ఒక ప్రశ్న మాత్రం ఎప్పుడూ తేలకుండానే ఉండిపోయింది: ఈ మనిషి బస్తీకి జవాబు చెప్పాలా, ఆఫీసుకి జవాబు చెప్పాలా?

ఢిల్లీలో మొదలైన వెతుకులాట

స్వతంత్రం వచ్చిన కొత్తలో మన ప్రభుత్వం దృష్టంతా పల్లెల మీదే. 1952 అక్టోబర్ 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది. బ్లాకులు, గ్రామసేవకులు అప్పుడు వచ్చినవే. ఊరివాళ్ళు తమ అవసరం తామే గుర్తించాలి, శ్రమదానం చేయాలి, మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. ఇదీ ఆ పథకం సూత్రం. అది ఎంతవరకు ఫలించిందన్నది వేరే కథ. కానీ ఆ సూత్రాన్నే పట్నంలో వాడి చూస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కొందరికి వచ్చింది.

1958లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ ఏర్పడింది. ఆ రోజుల్లోనే ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో అక్కడ పట్టణ సమాజాభివృద్ధి పైలట్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. సలహాదారుగా వచ్చినవాడు మార్షల్ క్లినార్డ్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త. పాత ఢిల్లీలో కట్రాలనే ఇళ్ళ సముదాయాలు ఉంటాయి. మధ్యలో ఒక వాకిలి, చుట్టూ గదులు, గదికో కుటుంబం, అందరికీ కలిపి ఒకటో రెండో కుళాయిలు. అలాంటి చోట్ల కొన్ని వందల కుటుంబాలకు ఒకటి చొప్పున 'వికాస్ మండల్' అనే సంఘాలు పెట్టించారు. వాటికి నాయకులుగా డబ్బున్నవాళ్ళనో పార్టీవాళ్ళనో కాకుండా ఆ సందుల్లోనే బతికే మామూలు మనుషుల్ని ముందుకు తేవాలన్నది క్లినార్డ్ పట్టుదల. ఈ అనుభవం మీద ఆయన 1966లో ఒక పుస్తకం కూడా రాశాడు.

క్లినార్డ్ చదువుకున్నది షికాగోలో. ఆ నగరంలో 1930లలో క్లిఫర్డ్ షా అనే ఆయన పేద పేటల్లో నేరాలు తగ్గించడానికి బయటి ఉద్యోగుల్ని కాకుండా ఆ పేట మనుషుల్నే ముందు పెట్టి పనిచేయించాడు. షా దగ్గర పనిచేసినవాళ్ళలో సాల్ అలిన్‌స్కీ ఒకడు. 1939లో ఈ అలిన్‌స్కీ షికాగో కబేళాల వెనకున్న పేటలో ఒక సంఘం పెట్టించి, కంపెనీల మీదా నగరపాలకుల మీదా ఒత్తిడి తెచ్చే పద్ధతి మొదలుపెట్టాడు. ఒకే వేరు నుంచి రెండు కొమ్మలు వచ్చాయన్నమాట. ఒకటి 'మన పని మనం చేసుకుందాం' అంటుంది. రెండోది 'మనకు రావాల్సింది అడిగి తీసుకుందాం' అంటుంది. ప్రభుత్వం ఆహ్వానించి ఢిల్లీకి తెచ్చుకున్నది మొదటి కొమ్మని. అందులో ఆశ్చర్యం లేదు. తన మీదే ఒత్తిడి తెచ్చే సంఘాలకి ఏ ప్రభుత్వమూ తన డబ్బుతో నీళ్ళు పోయదు.

మొదటి కొమ్మని తేలిగ్గా తీసిపారేయక్కర్లేదు. సందు శుభ్రం చేసుకోవడం, చందాలు వేసుకుని చిన్న పని పూర్తిచేయడం లాంటివి మనుషులకి ధైర్యం ఇస్తాయి. నలుగురు ఒకచోట కూచోవడం అలవాటవుతుంది. కానీ అందులో ఒక తిరకాసు ఉంది. రోడ్డు కావాలంటే ముందు మీ వంతు చందా కట్టండి అని బంజారాహిల్స్ వాళ్ళని అడగడం మనమెవరం వినలేదు. బస్తీవాళ్ళని మాత్రం అడుగుతారు. స్వయంసహాయం అనే మంచిమాట పేదవాళ్ళ దగ్గరే ఎందుకు ఎక్కువ వినపడుతుందన్న అనుమానం ఆరోజుల నుంచీ ఉంది, ఇప్పటికీ తీరలేదు.

ప్రాజెక్టు కంటే ముందు

ఈ పథకాల కాగితాలు చదువుతుంటే ఒక సంగతి తడుతుంది. పేదల పేటల్లో నాయకత్వం లేదు కాబట్టి మనం వెళ్ళి దాన్ని వెలికితీయాలి అన్న ధోరణి వాటిలో ఉంటుంది. హైదరాబాద్ చరిత్ర తెలిసినవాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది.

1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ 1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు, భజనలు ఆ మండలి పద్ధతి. మాల మాదిగ వాడల్లో జనం ఒకచోట చేరాలంటే ఉపన్యాసం కంటే అదే మేలని ఆయన కనిపెట్టాడు. 1911లో అది మన్యసంఘంగా మారింది. తర్వాతి కాలంలో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఇసామియా బజార్ లాంటి చోట్ల పిల్లలకి బళ్ళు పెట్టారు. జోగిని ఆచారానికి, బాల్యవివాహాలకి, తాగుడికి వ్యతిరేకంగా వాడవాడా తిరిగారు. తగాదాలు బయటికి పోకుండా కులపంచాయతీలని బాగుచేసి వాటితోనే తీర్పులు చెప్పించారు. నిజాం రాజ్యంలో మామూలు జనానికి ఓటు లేదు. అయినా ఒక బస్తీకి కావలసిన బడి, న్యాయం, పండగ, మందలింపు అన్నీ ఆ సంఘం చూసింది. 1917లో బెజవాడ సభకి అధ్యక్షుడిగా వెళ్ళినప్పుడు ఈ పని తెలుగునేల అంతటికీ తెలిసింది.

ఇంకో ఉదాహరణ ఈశ్వరీబాయి. సికింద్రాబాద్‌లో టీచరుగా పనిచేస్తూ, చిలకలగూడ ప్రాంతంలో ఇళ్ళూ నీళ్ళూ లాంటి పౌరసమస్యల మీద తిరుగుతూ, 1950ల మొదట్లో ఆ వార్డు నుంచే కౌన్సిలర్‌గా గెలిచింది. 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి ఎమ్మెల్యే అయింది. రిపబ్లికన్ పార్టీ తరఫున అసెంబ్లీలో ఆమె గొంతు ఎలా మోగేదో పాతతరం వాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. ఆ గొంతు తయారైంది మాత్రం చిలకలగూడ సందుల్లోనే.

వీళ్ళని ఏ ప్రాజెక్టూ వెలికితీయలేదు. వీళ్ళకి జీతం ఇచ్చినవాళ్ళు లేరు, తీసేయగలిగిన ఆఫీసరూ లేడు. జవాబు చెప్పుకోవాల్సింది వాడకే.

హైదరాబాద్ ప్రయోగం

పట్నాల్లో కూడా సమాజాభివృద్ధి పథకం ఉండాలని 1966లో నివేదిక ఇచ్చిన గ్రామీణ పట్టణ సంబంధాల కమిటీ చెప్పింది. ఆ ఏడాదే కేంద్రం కొన్ని నగరాల్లో, ఒక్కోచోట సుమారు 50 వేల జనాభాకి ఒకటి చొప్పున పైలట్ ప్రాజెక్టులు మంజూరు చేసింది. హైదరాబాద్‌లో అది 1967లో మొదలైంది. మునిసిపల్ కార్పొరేషన్‌లో ఒక విభాగంగా పెట్టారు. పాత ఉద్యోగులు ఇప్పటికీ దాన్ని యూసీడీ అనే అంటారు.

మిగతా నగరాల్లో ఈ ప్రాజెక్టులు చాలావరకు నీరుగారిపోయాయి. హైదరాబాద్‌లో నిలబడింది, నగరంలోని మిగతా బస్తీలకీ పాకింది, 1970లలో యూనిసెఫ్ కూడా చేయి కలిపింది. యూనిసెఫ్‌లో పనిచేసిన విలియం కజిన్స్, క్యాథరిన్ గోయ్‌డర్ కలిసి 1979లో ఈ అనుభవం మీద ఒక పుస్తకమే వేశారు.

పని తీరు ఇలా ఉండేది. కమ్యూనిటీ ఆర్గనైజర్ అనే ఉద్యోగి బస్తీకి వెళ్తాడు, లేదా వెళ్తుంది. మొదట్లో ఏమీ ఇవ్వడు, వింటాడు. నలుగురు మాట వినే మనుషులెవరో చూసుకుంటాడు. బస్తీ సంక్షేమ సంఘం, మహిళా మండలి, యువజన సంఘం ఏర్పడతాయి. తర్వాత బాల్వాడీ, కుట్టుమిషన్ల శిక్షణ, టీకాలు, బ్యాంకు లోన్లు. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాక పేదవాడు కూడా బ్యాంకు గడప ఎక్కొచ్చన్న మాట వచ్చింది కదా, దాన్ని బస్తీ దాకా తెచ్చినవాళ్ళలో ఈ ఆర్గనైజర్లూ ఉన్నారు. 1970ల చివర్లో ఇంకో అడుగు ముందుకు వేశారు. గుడిసెలున్న జాగాలకి పట్టాలు ఇప్పించి, లోన్లు ఇప్పించి, ఇళ్ళు ఎవరివి వాళ్ళనే కట్టుకోమన్నారు.

పట్టా విషయం దగ్గర కొంచెం ఆగాలి. బస్తీ సంఘాలన్నిటికీ అసలు ఊపిరి అదే. మోరీ, నల్లా, కరెంటు స్తంభం అన్నీ దాని తర్వాతే. రేపు ఈ జాగా మనది కాదంటారేమోనన్న భయం ఉన్నంతకాలం ఎవరూ గోడ గట్టిగా కట్టరు. పట్టా ఉంటే పైసా పైసా కూడబెట్టి స్లాబ్ వేస్తారు. యూసీడీ నిలబడటానికి ఉద్యోగుల చిత్తశుద్ధి ఒక కారణమైతే, చేతికి పట్టా రావడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఉత్త మాటలతో సంఘాలు ఎక్కువకాలం బతకవు.

అయితే ఇక్కడే బస్తీ పెద్ద పాత్ర కూడా మారింది. పట్టా జాబితాలో ఎవరి పేరుండాలి? పదేళ్ళుగా ఉంటున్నవాడిదా, మొన్న కొనుక్కున్నవాడిదా, అద్దెకుంటున్నవాడిదా? ఆఫీసరుకి బస్తీ తెలియదు, కాబట్టి పెద్దని అడుగుతాడు. ఆ క్షణం నుంచి పెద్ద చేతిలో ఒక అధికారం ఉంది. దాన్ని నిజాయితీగా వాడినవాళ్ళున్నారు, అమ్ముకున్నవాళ్ళున్నారు. నాయకుడికీ పైరవీకారుకీ మధ్య గీత ఎక్కడుందంటే, ఆ జాబితాని పదిమందిలో చదివి వినిపించారా లేదా అన్న దగ్గరుంది.

1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ మురికివాడల అభివృద్ధి పనులు పెద్దయెత్తున సాగాయి. 1988లో విశాఖపట్నంలో అలాంటిదే మొదలైంది, తర్వాత విజయవాడలోనూ. సిమెంటు రోడ్లు, కాలవలు, కమ్యూనిటీ హాళ్ళు వచ్చాయి. డబ్బు పెరిగేకొద్దీ ఇంజనీర్ల పాత్ర పెరిగింది, ఆర్గనైజర్ల పాత్ర తగ్గింది. ఏడాది చివరికి ఎన్ని మీటర్ల కాలవ వేశామో లెక్క చెప్పొచ్చు. ఎంతమంది ధైర్యంగా మాట్లాడటం నేర్చుకున్నారో లెక్క చెప్పడం కష్టం. లెక్కకి వచ్చేదే మిగులుతుంది.

బొంబాయి దారి

రెండో కొమ్మ సంగతి చూడాలంటే బొంబాయి వెళ్ళాలి. కోలార్ బంగారు గనుల నుంచి 1960లలో బొంబాయి చేరిన జోకిన్ అర్పుదం మాన్‌ఖుర్ద్ దగ్గర జనతా కాలనీలో ఉండేవాడు. వడ్రంగం పని. చెత్త ఎవరూ తీయకపోతే కాలనీ పిల్లల్ని కూడగట్టి, ఆ చెత్తని మూటలు కట్టించి తీసుకెళ్ళి మునిసిపల్ ఆఫీసు ముందు పోయించాడు. అదీ ఆయన నాయకత్వానికి మొదలు. పక్కనున్న అణు పరిశోధనా కేంద్రం కోసం కాలనీ ఖాళీ చేయాలన్నారు. ఏళ్ళపాటు కోర్టుల్లో, వీధుల్లో పోరాడారు. చివరికి ఎమర్జెన్సీలో, 1976 మేలో, సుమారు 70 వేలమంది ఉన్న కాలనీని నేలమట్టం చేసి జనాన్ని చీతా క్యాంపుకి తరలించారు.

ఓడిపోయారు. కానీ 1970ల మధ్యలో పుట్టిన జాతీయ మురికివాడల సమాఖ్య ఆ ఓటమితో పోలేదు. 1985 జులైలో సుప్రీంకోర్టు ఓల్గా టెలిస్ కేసులో తీర్పు చెప్పింది. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమే అంది. అలా అంటూనే, పద్ధతి ప్రకారం ఫుట్‌పాత్‌ల మీదివాళ్ళని ఖాళీ చేయించొచ్చనీ అంది. అప్పుడు బైకుల్లా ఫుట్‌పాత్‌ల మీది ఆడవాళ్ళు, స్పార్క్ అనే సంస్థతో కలిసి, తమని తాము లెక్కపెట్టుకునే పని చేశారు. మేమెవరం, ఎక్కడి నుంచి వచ్చాం, ఎన్నేళ్ళుగా ఉన్నాం, ఏం పనిచేస్తాం. ప్రభుత్వం దగ్గర లేని లెక్క వాళ్ళ దగ్గర ఉంది. 1986లో వాళ్ళే మహిళా మిలన్ పెట్టుకున్నారు. ప్రతిరోజూ ఇంటింటికీ తిరిగి రూపాయో రెండో పొదుపు వసూలు చేయడం ముఖ్యమైన పని. డబ్బు అసలు సంగతి కాదు. రోజూ ప్రతి గుడిసె ముందూ ఆగితే ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో దెబ్బలు, ఎవరికి పని దొరకలేదో తెలుస్తుంది.

తర్వాతి కాలంలో వీళ్ళు ప్రభుత్వాలతో కలిసి పనిచేశారు, అందుకు విమర్శలూ ఎదుర్కొన్నారు. అర్పుదంకి 2000లో మెగసెసే అవార్డు, 2011లో పద్మశ్రీ వచ్చాయి. 2018లో పోయాడు. ఆయన దారిలో మనకి పనికొచ్చేది ఒకటుంది. ఎవరు ఉంటున్నారో రాసిన పుస్తకం ఎవరి దగ్గరుంటే వాళ్ళదే పైచేయి. హైదరాబాద్‌లో జాబితా ఆఫీసులో ఉండేది, పెద్ద దానికి సాయం చేసేవాడు. బైకుల్లాలో జాబితా ఆడవాళ్ళ ట్రంకుపెట్టెలో ఉండేది, ఆఫీసే వాళ్ళ దగ్గరికి రావలసి వచ్చింది.

వాలంటీరు అనే మాట

1990 తర్వాత మన దగ్గర బస్తీ పెద్ద మగవాడి నుంచి ఆడమనిషిగా మారడం మొదలైంది. ఆ ఏడాది వచ్చిన పట్టణ పేదల మౌలిక సేవల పథకం కింద పాతిక ముప్ఫై ఇళ్ళకి ఒక మహిళని వాలంటీరుగా ఎంచుకున్నారు. వాళ్ళంతా కలిసి ఇరుగుపొరుగు కమిటీ, వాటన్నిటికీ పైన సమాజాభివృద్ధి సంఘం. 1997 డిసెంబర్‌లో వచ్చిన స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన ఇదే నిచ్చెనని దేశమంతటికీ పెట్టింది. మన రాష్ట్రంలో పొదుపు సంఘాలు అప్పటికే ఊపందుకున్నాయి. 2007లో మెప్మా వచ్చాక సంఘాలకి సమాఖ్యలు, సమాఖ్యలకి ఆర్పీలు వచ్చారు.

ఆర్పీ పని దగ్గర్నుంచి చూసినవాళ్ళకి తెలుసు. సంఘాల పుస్తకాలు రాయాలి, బ్యాంకు కిస్తీలు కట్టించాలి, సర్వేకి వెళ్ళాలి, మీటింగ్ అంటే జనాన్ని తీసుకురావాలి. అప్పు కట్టనివాళ్ళ ఇంటికి వెళ్ళాల్సింది ఆమే, ఆ ఇంటివాళ్ళతో మర్నాడు నల్లా దగ్గర నిలబడాల్సిందీ ఆమే. ఉద్యోగి కాదు కాబట్టి జీతం ఉండదు, గౌరవ వేతనం ఉంటుంది. అదీ నెలనెలా రాదని ధర్నాలు చేసిన సందర్భాలు మన పేపర్లలో చూస్తూనే ఉన్నాం. నాయకురాలు అని పిలిచి గుమాస్తా పని చేయించుకోవడం ఇది. గుమాస్తాకైనా ఒకటో తారీఖుకి జీతం వస్తుంది.

ఇదే నిచ్చెన కేరళలో వేరేగా ఎదిగింది. అలప్పుళలో 1990ల మొదట్లో ఇదే పట్టణ పథకం కింద ఏర్పడిన ఇరుగుపొరుగు సంఘాల అనుభవం నుంచే 1998లో కుటుంబశ్రీ వచ్చింది. అక్కడ కింద నుంచి పై దాకా మహిళా కమిటీలకి నియమిత కాలానికి ఎన్నికలు జరుగుతాయి. గెలిచినవాళ్ళలో చాలామంది తర్వాత పంచాయతీలకీ మునిసిపాలిటీలకీ పోటీ చేశారు. పథకం ఒకటే, నిచ్చెన ఒకటే. తేడా ఎక్కడంటే, నిచ్చెన ఎక్కేవాళ్ళని నిలబెట్టేది ఎవరు, దించేది ఎవరు అన్న దగ్గర.

74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 2019 తెలంగాణ మునిసిపల్ చట్టం ఒక్కో వార్డుకి యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అంటూ నాలుగు కమిటీలు, ఒక్కోదానికి 15 మంది అంది. కాగితం మీద ఇది చాలా ఎక్కువమంది నాయకులు. మీ వార్డు కమిటీలో ఉన్న ఒక్కరి పేరు చెప్పగలరా అని నగరంలో ఎవర్నైనా అడిగి చూడండి.

2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీరు అనే మాట కొత్త అర్థంతో వచ్చింది. సుమారు 50 ఇళ్ళకి ఒకరు, నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం, రాష్ట్రం మొత్తం మీద రెండున్నర లక్షల పైచిలుకు మంది. ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను ఇంటికి తెచ్చివ్వడం ముసలివాళ్ళకి చిన్న మేలేమీ కాదు. కోవిడ్ రోజుల్లో ఇంటింటి సర్వేలు చేసిందీ వాళ్ళే. మరోపక్క, వాళ్ళు పార్టీ కార్యకర్తలనీ, ఇళ్ళ వివరాలన్నీ వాళ్ళ ఫోన్లలో ఉన్నాయనీ ప్రతిపక్షాలు ఆరోపించాయి. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం వాళ్ళని పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచింది. ప్రభుత్వం మారాక పింఛన్లు సచివాలయ సిబ్బంది పంచారు. వ్యవస్థ ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయింది.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్న వాదన పక్కన పెడదాం. నాకు తట్టేది వేరే. ఆ 50 ఇళ్ళవాళ్ళని ఎవరూ రెండుసార్లూ అడగలేదు. వాలంటీరుని పెట్టేటప్పుడూ అడగలేదు, తీసేసేటప్పుడూ అడగలేదు. ఢిల్లీ కట్రాల్లో క్లినార్డ్ వెతికిన మామూలు మనిషి కనీసం పొరుగువాళ్ళు ఒప్పుకున్న మనిషి. అరవై ఏళ్ళ తర్వాత పొరుగువాళ్ళ ఒప్పుదల కూడా అవసరం లేకుండా పోయింది.

మన బస్తీల్లో నాయకులు తక్కువ కాదు, ఎప్పుడూ తక్కువ కాలేదు. ఏ పథకం వచ్చినా, ఏ కమిటీ వేసినా మూడు ప్రశ్నలు అడిగితే చాలు, లోపలి సంగతి తెలిసిపోతుంది. ఈ మనిషిని ఎవరు ఎన్నుకున్నారు? ఎవరు దించగలరు? జాబితా ఎవరి దగ్గరుంది? అడగందే అమ్మైనా పెట్టదంటారు. బస్తీ ఇన్నేళ్ళూ నల్లా అడిగింది, మోరీ అడిగింది, పట్టా అడిగింది. కొన్ని వచ్చాయి కూడా. ఈ మూడు ప్రశ్నలు కూడా గట్టిగా అడగాల్సిన వరసలో ఉన్నాయి. వాటికి జవాబు దొరికిన చోట ఆర్పీ మేడమ్ కిస్తీ వసూలుకి మాత్రమే తలుపు తట్టే మనిషిగా మిగిలిపోదు.